షికమూ అన్నవాడికే మిడతలు

మసాకా సంతలో మా మేనత్త నలుమాన్సి మిడతలు వేయించి అమ్ముతుంది. వానలు పట్టగానే దీపాల చుట్టూ ఆకాశం రెక్కలతో రాలుతుంది; తెల్లారేసరికి ఆమె మూకుడులో ఉల్లిపాయలతో కరకరలాడుతుంది. ఆ వాసనకు సరిహద్దు దాటొచ్చే టాంజానియా లారీలు వాటంతటవే ఆగుతాయి. కానీ డ్రైవర్లు తమ స్వాహిలీలో అడిగితే అత్తకు చెవుడు.

"సిపాయిల భాష, దొంగల భాష," అంటుంది. ఆమె చిన్నతనంలో తలుపు తన్నిన ప్రతి బూటూ ఆ భాషే మాట్లాడిందట. ఇప్పుడు బళ్లలో నేర్పుతున్నారని రేడియో చెబితే, "తాళాలు పగలగొట్టడం ఏ తరగతిలో చెప్తారో!" అని గరిటె తిప్పింది.

అలాంటి అత్తకు, నేను చేసుకోబోయే మగేసాది టాంజానియాలోని మ్వాంజా అని చెప్పాను. మా బగాండా తెగలో పెళ్లికొడుకు కోటుకు మేనత్త పువ్వు గుచ్చితేనే సంబంధం ఖాయం.

"మంచివాడే అత్తా."

"కాదన్నానా? నోరు మూసుక్కూర్చుంటే ఇంకా మంచివాడు. సంబంధానికి వచ్చిన రోజు వాళ్ల భాష ఒక్క ముక్క నా చెవిన పడిందా, పువ్వు మేకకి పెట్టేస్తా."

ఆ రోజు మగపెళ్లివారి తరఫున మాట్లాడడానికి మా ఊరి ముకాసాను పెట్టుకున్నారు. మగేసా, అతని స్నేహితులు తెల్లటి పొడుగు అంగీల మీద కోట్లు తొడిగి, వాన వెలిశాక వాలిన కొంగల్లా గప్‌చుప్‌గా కూర్చున్నారు. అత్త ఒక్కో ముఖమే చూస్తూ వచ్చి, మగేసా ముందు పువ్వుతో వంగింది.

పెద్దవాళ్లు ఎదురైతే ఆ ఊరివాళ్ల నాలుక ఆగదు. "షికమూ," అనేశాడు.

డప్పులు ఆగాయి. పందిరి పక్కన మేక తలెత్తింది.

"ఏమన్నాడు?" అంది అత్త.

ముకాసా చెమట తుడుచుకున్నాడు. "మీ పాదాలు పట్టుకుంటున్నానని, అమ్మా. పెద్దవాళ్లకి అట్లా మొక్కుతారు."

"ఆ భాషలోనా?"

"ఆ భాషలోనే."

అత్త వంగినది వంగినట్టే ఉండిపోయింది. "ఆ సిపాయిలు నన్ను నోరెత్తొద్దన్నారు, ఉన్నది తెమ్మన్నారు, పొమ్మన్నారు. ఈ మాట ఒక్కడూ అనలేదే..." చేతిలో పువ్వు సవరించుకుంది. "బదులేమనాలి?"

"మరహబా అంటే చాలమ్మా."

"మరహబా," అంది, కొత్త కూరలో ఉప్పు చూసినట్టు. పువ్వు గుచ్చింది.

మిగతా కొంగలన్నీ ఒక్కసారే, "షికమూ!"

"ఒక్కొక్కళ్లు చెప్పండ్రా, చెవులు రెండే నాకు!"

ఇప్పుడు సంతలో లారీ ఆగితే అత్త గరిటె పక్కన పెట్టి ఎదురుచూస్తుంది. షికమూ అనని డ్రైవరుకు మాత్రం ఇంకా చెవుడే.