ఇడిస్తే నొచ్చే పన్ను

మా జేజినాయన, అంటే మా తాత, పోగొట్టుకున్నవాటిని ఇప్పుడు కూర్చుని లెక్కేస్తే ఇవి తేలతాయి: కుడి దవడన మూడు పళ్లు, ఆ వైపు నమిలే అలవాటు, చెరకు మీద మోజు, శనగల బేరంలో ఆయన మాటకున్న చోటు. మొన్న ప్రొద్దుటూరులో, లవంగనూనె వాసన నిండిన ఒక పళ్ల ఆసుపత్రిలో, నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు ఈ లెక్క మొదలైంది. దవడ పన్ను ఉండుండి జివ్వుమంటోందని వెళితే ఆ డాక్టరమ్మాయి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "కొరికేటప్పుడా అమ్మా, ఇడిసేటప్పుడా?" అని. జేజినాయనను ఈ మాట మొదటే ఎవరైనా అడిగి ఉంటే!

మాది జమ్మలమడుగు అవతల రేగడి నేలల పల్లె. చలికాలంలో ఊరి చుట్టూ శనగచేలే. పొద్దున్నే చేలో నడిస్తే మంచుతో కలిసిన ఆకు పులుపు కాళ్లకంటుకుని చురచురమనేది, దాన్ని వేలితో తీసి నాకితే చింతపండుదీ మామిడిదీ కాని మరో పులుపు. పచ్చికాయల మొక్కల్ని గడ్డిమంటలో వేసి కాల్చి, మాడిన పొట్టు ఊదుకుంటూ, మూతులన్నీ మసి చేసుకుని తినేవాళ్లం. ఉగాదికి ఆ పంట శనగబేడలతోనే ఓళిగలు, వాటి మీద మా జేజి వేలితో గుంట చేసి పోసే నెయ్యి. గుప్పిట్లో గింజలు దాచి సరో బేసో చెప్పమనే ఆటలో నేను ఓడింది తక్కువ.

పంట కళ్లానికొచ్చాక కుప్పకు ఒక పక్క రైతు, మరో పక్క ప్రొద్దుటూరు షావుకారు, మధ్యలో జేజినాయన. ఆయన కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక గింజ తీసి, కుడి దవడ కింద పెట్టి కొరికేవాడు. టక్కుమని రెండు బద్దలైతే ఎండినట్టు. మెత్తగా అణిగితే తేమ ఉన్నట్టు, అప్పుడు బస్తాకు ఇంతని తూకంలో తరుగు తీసేవారు. ఆ టక్కు విన్నాక ఇద్దరిలో ఎవరూ మారుమాట్లాడగా నేను చూడలేదు.

ఒక ఏడు ఆయన గింజ కొరికి దవడ పట్టుకోవడం మొదలుపెట్టాడు. మా మేనత్త ఊరు పులివెందుల. అక్కడికి కోస్తా నుంచి వచ్చిన పళ్ల డాక్టరు ఒకాయన ఉంటే చూపించడానికి పోయాం. జేజినాయన దవడ చూపించి, "ఇడిస్తే నొస్తాది సారూ" అన్నాడు.

"వదిలేస్తే నొప్పి చేస్తుందా? అయితే వదలొద్దు, తీసేద్దాం" అన్నాడు డాక్టరు. నిజంగా నొస్తున్న పన్ను లోపల చీలి ఉందని అప్పటికి తెలియదు, పైకి అది తెల్లగా, గట్టిగా ఉంది. దాని పక్కది నల్లబడి ఉంది. నల్లది పోయింది.

నొప్పి పోలేదు. మళ్లీ పోయాం. మళ్లీ అదే మాట, అదే జవాబు. ఈసారి ఇవతలి పక్కది పోయింది. కళ్లంలో బస్తాలు కుట్టే మస్తాన్ మామ పగలబడి నవ్వాడు. "దొంగ యాడుండాడో తెల్సుకోకుండా పక్కిండ్లన్నీ పడగొట్టిస్తాండావే అప్పా!"

జేజినాయనకు నవ్వు రాలేదు. శనగల కాలం దగ్గర పడుతోంది.

చివరికి జమ్మలమడుగులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మా సీమ మనిషే. ఫోటో తీస్తే అందులో ఏమీ కనబడలేదు. ఆమె మాత్రం ఆయన మాట పట్టుకుంది.

"కొరికినప్పుడు ఏం లే, ఇడిసినప్పుడే జివ్వుమంటాది. అంతేనా పెద్దాయనా?"

"మొదట్నించీ అదే చెప్తాండా తల్లీ! ఒగరన్నా ఇంటే గదా!"

ఆమె ఒక సన్నని పుల్లను పన్ను మీద ఒక్కో మొన దగ్గరా పెట్టి, కొరకమంది, వదలమంది. ఒక మొన దగ్గర వదలగానే ఆయన కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. పన్నును ఆరబెట్టి నీలిరంగు పూసి తుడిచింది, వెంట్రుకంత గీత మిగిలింది. పక్క నుంచి దీపం పెట్టింది, వెలుగు ఆ గీత దగ్గర ఆగిపోయింది, అవతలి సగం చీకటి. నన్ను పిలిచి చూడనిచ్చింది. కొరికినప్పుడు రెండు ముక్కలూ ఎడమవుతాయి, విడిచినప్పుడు చటుక్కున మూసుకుంటాయి, నొప్పి ఆ మూసుకోవడంలో ఉంది అంది. కూడికలో కాకుండా తీసివేతలో నొచ్చే పన్ను ఉంటుందా అని నేను చాలా రోజులు అబ్బురపడ్డాను.

పన్ను చుట్టూ ఉక్కు పట్టీ బిగించగానే నొప్పి ఆగింది. తర్వాత లోహపు తొడుగు వేసింది. "చీలిక చిగురు పైనే ఆగితే ఈ పన్ను మీతోనే ఉంటాది. వేరులోకి దిగిందంటే నేనేం చేయలేను. ఆ పక్క గింజ కొరకాకండి" అని గట్టిగా చెప్పింది.

ఆ కాలంలోనే ఒంటరి ఆడమనిషి కొండమ్మ కుప్ప మీద జల్లు పడింది. ఆమె మళ్లీ ఎండబెట్టినా షావుకారు తరుగు తీయాల్సిందే అన్నాడు. జేజినాయన గింజను ఎడమ దవడకు పెట్టి కొరికి, తల అడ్డంగా ఊపాడు. "ఈ పక్క ఏం చెప్తాందో నాకు తెలీడంల్యా."

కొండమ్మ ఆయన దవడ వైపే చూస్తూ నిలబడింది. జేజినాయన మరో గింజ తీసి కుడి పక్కకు పెట్టాడు. టక్కుమంది. విడిచేటప్పుడు పక్కనున్న బస్తా మూతిని గుప్పిట్లో నలిపాడు. "ఎండినాయి. తరుగు ల్యా" అన్నాడు.

కొన్ని నెలలకు ఆ పన్ను పక్కన చిగురు మీద చీముపొక్కు లేచింది. డాక్టరమ్మ సన్నని కొలపుల్లతో చిగురు చుట్టూ తడిమితే, ఒక్క చోట మాత్రం అది లోతుగా దిగిపోయింది. వేరు చీలింది, ఇక నిలబడదంది. తీసి చేతిలో పెడితే శనగబేడల్లా రెండు బద్దలు.

ఆ బద్దలను కాగితంలో చుట్టుకుని ఆయన పులివెందులకు పోయాడు, పోట్లాడటానికి కాదు. "సారూ, మా తావ ఇడిస్తే అంటే ఇదీ" అని డాక్టరు చేత డాక్టరు వేలినే కొరికించి, వదిలించాడు. డాక్టరు ముఖం పాలిపోయింది. "మీకు రెండు పళ్లు బాకీపడ్డాను పెద్దాయనా. కట్టుడు పళ్లు నా ఖర్చుతో పెడతాను."

"కట్టుడు పన్నుకు గింజ మాట ఇనపడదు సారూ. ఉండనీలే."

ఇప్పుడు కళ్లాలు లేవు, పంట తారురోడ్డు మీద ఆరుతోంది. మార్కెట్లో గుప్పెడు గింజలు చిన్న యంత్రంలో పోస్తే తేమ ఎంతో అంకె వెలుగుతుంది, రైతు దానికి తలూపి వెళ్తాడు. శనగ ఎండిందీ లేనిదీ పంటితో చెప్పగలవాళ్లు మా ఊళ్లో ఎవరూ మిగల్లేదు. జేజినాయన పోయాడు, ఆ డాక్టరు ఎక్కడున్నాడో తెలియదు. మూడో పన్నును జేజినాయనే తెలిసి ఇచ్చాడు కాబట్టి దాన్ని ఎవరి ఖాతాలోనూ వేయను. బాకీ నేటికీ రెండు.