శబ్దం తీసేసి చూడండి

మా చెల్లెలికి చదువు చెప్పిన టీచరమ్మ నంద్యాలలో పోయారు. ఆ కబురు నా చెవిన పడలేదు, కంట పడింది. ఆళ్ళగడ్డలోని నా కంప్యూటర్ కొట్టుకు పొద్దున్నే మా చెల్లెలు చెప్పులైనా వేసుకోకుండా వచ్చి, గుమ్మంలో నిలబడి చేతులతో "టీచరమ్మ" అంది. ఆ తర్వాత "లేదు" అంది. దానికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. చేతులే దాని మాట. ఆ మాట నేర్పిన మనిషి ఇక లేదన్న సంగతి కూడా ఆ చేతులతోనే చెప్పాల్సి వచ్చింది.

నేను ఏడవాల్సింది. కానీ సంతాప సభ చూసొచ్చాక ఏడుపు ఎటు పోయిందో పోయింది, ఒళ్ళు మండుతోంది. ఆ మంట చల్లారక ముందే రాస్తున్నాను. టీచరమ్మ ఉంటే వద్దనరు. ఆమెకూ కోపం బాగానే వచ్చేది.

వినపడని పిల్లలకు పాఠం చెప్పడమే ఆమె బతుకంతా చేసిన పని. రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. ఆళ్ళగడ్డ చుట్టుపక్కల పిల్లలు రోజూ నంద్యాల దాకా రాలేరని, తన ఇంట్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి, ఫోన్ ముందు నిలబడి, నోటితోనూ చేతులతోనూ చెబుతూ పాఠాలు వీడియో తీసి పంపేవారు. ప్రతి పాఠంలోనూ అదే ముదురు నీలం చీర. "టీచరమ్మకు ఇంకో చీర లేదేందీ?" అని మా అమ్మ ఎగతాళి చేస్తే, "పూల చీర కట్టుకుంటే పూలల్లో నా చేతులు కలిసిపోతాయమ్మా" అనేవారు. వీడియోల చివర కత్తిరించడం ఆమెకు రాదు, నేర్చుకోనూలేదు. పాఠం కాగానే కళ్ళజోడు పైకి తోసుకుని ఫోన్ దగ్గరికి నడిచొచ్చి ఆపేవారు. అదంతా వీడియోలో ఉండిపోయేది. పిల్లలకు అదొక సరదా.

వారానికోసారి శిరివెళ్ళ మీదుగా బస్సులో తానే వచ్చేవారు. మా నాయన రాతి బొమ్మలు చెక్కే కొట్టం పక్కన ఒక గది ఖాళీగా ఉండేది. అదే బడి. పక్కన పొద్దస్తమానం సుత్తి దెబ్బలు. "ఈ పిల్లోళ్ళు తప్ప ఇంగెవురూ ఈడ కూచోని చదవలేరప్పా" అని నవ్వేవారు. టీ ఇస్తే ఎప్పుడూ చల్లారిపోయేది. రెండు చేతులూ మాట్లాడుతుంటే గ్లాసు పట్టుకునేది ఎప్పుడు?

ఆ గదికి ఎవరో దాతలు పాత లాప్‌టాప్‌లు ఇచ్చారు. వాటిలో తెర మీద బొమ్మల పని చూసే గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండదు, ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది. లోపల విండోస్ బదులు లినక్స్. పాత యంత్రాల్లోనూ బాగానే నడుస్తుంది, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా దాతల తరఫున వాటిని సిద్ధం చేసి పంచిన సారు మీదే. ఒక్కోదాంట్లో ఒక సినిమా పాట పెట్టి, పక్కవాళ్ళతో మాట్లాడుతూనే తల ఊపి, "ఆడతాంది, తీస్కోండి" అని చేతిలో పెట్టాడు. వినపడని పిల్లలకు ఇచ్చే యంత్రాన్ని చెవితో పరీక్ష చేసిన మహానుభావుడు!

ఇందులో ఒక సంగతి ఉంది. కుదించి దాచిన మంచి స్పష్టత ఉన్న వీడియోను విప్పి చూపించడం ప్రాసెసర్‌కు పెద్ద బరువు. బరువు మోయలేనప్పుడు వీడియో ప్లేయర్ శబ్దాన్ని కాపాడుకుని బొమ్మల్ని వదిలేస్తుంది. పాట ఎక్కడా తెగదు. బొమ్మ మాత్రం ఆగి, దూకి, మళ్ళీ ఆగుతుంది. వినేవాళ్ళకు అది పెద్ద లోటుగా అనిపించదు. చేతుల్ని చదువుకునే పిల్లలకు మాటలే ఊడిపోతాయి.

ఎంత ఊడిపోతున్నాయో కరెంటు పాఠం రోజు తెలిసింది. పాఠం చూసి రాయమంటే మా చెల్లెలు, "తడి చేతులతో స్విచ్ ముట్టుకోవాలి" అని రాసింది. చేతుల భాషలో "వద్దు" అనే మాట చివరన వస్తుంది. తడి చేయి, స్విచ్, ముట్టుకోవడం, అంతవరకూ కనబడింది. చివర చేతిని పక్కకు విసిరే ఆ "వద్దు" దగ్గర బొమ్మ దూకేసింది. గదిలో మిగతా పిల్లలూ అదే రాశారు.

టీచరమ్మ చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. లాప్‌టాప్ ముందు కూర్చుని, శబ్దం పూర్తిగా తీసేసి, తన పాఠాన్ని తాను చూసుకున్నారు. ముఖం ఎర్రబడింది. "ఇది నేను చెప్పింది కాదప్పా. నా మాట సగంలో కోసేస్తాండారు" అన్నారు. అక్కడే ఆ సారుకు ఫోన్ చేశారు.

"సార్, బొమ్మ ఆగాగి వస్తాంది."

"బాగానే ఆడతాంది కదమ్మా. నేను చూసే ఇచ్చినా."

"చూడలేదు సార్ మీరు. విన్నారంతే."

"క్వాలిటీ తగ్గించి పంపండి. ఊరకొచ్చిన వాటికి అంతకంటే ఏం కావల్ల?"

"తగ్గిస్తే వేళ్ళన్నీ ముద్దయితాయి. ఏ వేలు లేసిందో పిల్లోళ్ళకు యాడ తెలుస్తాది? ఊరక ఇచ్చినా కనపడేట్లు ఇయ్యల్ల సార్!"

అవతల ఫోన్ పెట్టేశాడు. ఆమె నా వైపు తిరిగారు. "నువ్వూ చేతులు కట్టుకోని నిలబడితే ఎట్లప్పా? చూడు."

"లోపలికి రాతిపొడి పోయి వేడెక్కుతాందేమో టీచరమ్మా."

"అయితే తుడువు. కుదరకపోతే ఇంగోటి చూడు."

తుడిచాను, కుదరలేదు. లినక్స్ వాడేవాళ్ళను అడిగాను. చిటికెలో చెప్పారు. ఆ గ్రాఫిక్స్‌లోనే వీడియో విప్పడానికని ఒక భాగం ఉంటుందట. దాన్ని నడిపించే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించక, ప్లేయర్‌లో ఆ పనిని దానికి అప్పజెప్పక, అది ఖాళీగా కూర్చుంటే బరువంతా ప్రాసెసర్ ఒక్కటే మోస్తోంది. డ్రైవర్ ఎక్కించి, ప్లేయర్‌లో ఒక టిక్కు పెట్టాను. రొద పెట్టే ఫ్యాన్ నెమ్మదించింది. టీచరమ్మ మళ్ళీ శబ్దం తీసేసి చూశారు. తెర మీద చేతులు నీళ్ళలా సాగిపోతున్నాయి. మా చెల్లెలు "వద్దు" చూసి నెత్తి కొట్టుకుని నవ్వింది. "అబ్బా, ఇప్పుడొచ్చినాన్రా మీ కాడికి!" అన్నారు ఆమె. ఇంత చిన్న పనికి అన్నాళ్ళు పిల్లలు తప్పుడు పాఠం చదివారు.

ఇక సభ సంగతి. నంద్యాలలో ఒక హాల్లో పెట్టారు. ఆమె వీడియో ఒకటి తెర మీద వేస్తామన్నారు. నిర్వహించేది లాప్‌టాప్‌లు పంచిన ఆ సారే. ముందే ఫోన్ చేసి, "సార్, మీరు వీడియో వేసే లాప్‌టాప్‌లో డ్రైవర్ ఉందో లేదో ఒకసారి చూస్తా" అన్నాను. "అన్నీ చూసినాం లేప్పా, నువ్వు కూచోని చూడు చాలు" అన్నాడు.

కూర్చుని చూశాను. ఆమె గొంతు తీసేసి వేణువు కలిపారు. ఏమి వేణువండీ! వెనక వరసల్లో పెద్దలంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. ముందు వరసలో ఆమె దగ్గర చదివిన పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. తెర మీద నీలం చీర ఆగుతోంది, దూకుతోంది. మా చెల్లెలు నా వైపు తిరిగి, "ఏమంటోంది?" అని అడిగింది. బతికున్నప్పుడు ఆమె ఎవరితో పోట్లాడారో, చచ్చిపోయాక ఆమెను వాళ్ళ చేతికే అప్పగించాం. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్ళి స్పీకర్ తీగ పీకేశాను.

వేణువు పోయింది. మిగిలింది బొమ్మ. అప్పుడు చూశారు అందరూ.

"ఏందప్పా ఇది, ఆగిపోయిందే!" అన్నాడు సారు పరిగెత్తుకొచ్చి.

"ఇప్పుడు ఆగలేదు సార్. మొదటి నుంచీ ఇంతే."

మా చెల్లెలు సంచిలోంచి తన లాప్‌టాప్ తీసి నా చేతికిచ్చింది. దాన్ని తెరకు కలిపి, దాంట్లో ఉన్న కరెంటు పాఠం పెట్టాను. స్పీకర్ తీగ మళ్ళీ కలపలేదు.

టీచరమ్మ వచ్చారు. తడి చేయి. స్విచ్. ముట్టుకోవడం. వద్దు. ఒక్క వేలూ తప్పిపోలేదు. ముందు వరసలో చేతులన్నీ ఆమెతో పాటే కదిలాయి. వెనక పెద్దల్లో ఎవరికీ ఒక్క మాటా అర్థం కాలేదు. ఒక్కసారి వాళ్ళకూ తెలియాలి, అలా కూర్చోవడం ఎలా ఉంటుందో.

పాఠం అయిపోయింది. ఎప్పటిలాగే ఆమె కళ్ళజోడు పైకి తోసుకుని, ఆపడానికి ఫోన్ వైపు నడిచొచ్చారు. ముఖం దగ్గరైంది. చేయి చాపారు. ముందు వరసలో మా చెల్లెలు లేచి నిలబడి "వద్దు" అంది, చేతిని గట్టిగా విసిరి. పక్కనున్న పిల్లా లేచింది. వరసంతా లేచింది. చప్పుడు లేని ఆ హాల్లో అన్ని చేతులూ వద్దు, వద్దు అంటుంటే, టీచరమ్మ అరచేయి నెమ్మదిగా దగ్గరికొచ్చి తెరంతా నిండింది.