కటక రొట్టెలు కూరిన కోళ్ళు

బడిలో లెక్కల పంతులు నాకు వేసిన సున్నాలన్నీ దాచుకొని ఉంటే, నేను వండిన మొదటి పెళ్ళికి గారెలు వేయాల్సిన పని ఉండేది కాదు. ఐదో తరగతితో పలక పక్కన పెట్టి గరిటె పట్టాను. నా పూచీ మీద మొదటిసారి పొయ్యి వెలిగింది 1969 ఎండాకాలంలో, కర్మన్‌ఘాట్ దగ్గర ఒక క్రైస్తవ కుటుంబం ఇంట.

అప్పటికి నేను మసాల్చీని. అంటే మసాలా నూరి, ఉల్లిగడ్డ కోసి, ఉస్తాద్ చేయి చాపితే గరిటె అందించేవాణ్ణి. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. దేగిశాలో, అంటే వంట గుండిగలో, ఉప్పు పెద్ద వంటవాడైన ఉస్తాదే వేయాలి. ఎవరు ఉప్పు వేస్తే వంట వారిది, పొగడ్త వచ్చినా తిట్టు వచ్చినా వారికే. ఎనిమిదేళ్ళ పనిలో నేను ఉప్పు డబ్బా మూత తీసింది ఉస్తాద్‌కు అందించడానికే.

ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. పెళ్ళి నాడే బంద్. బస్సులు లేవు, పాతబస్తీలో ఉండే ఉస్తాద్ కదలలేకపోయాడు. తెల్లవారగానే సైకిల్ మీద ఒకాయన కబురు తెచ్చాడు: "ఉస్తాద్ రాలేడంట. ఉప్పు నిన్నే వెయ్యమన్నడు."

పెళ్ళికూతురి తండ్రి ఆశీర్వాదం, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గోదాముకు కావలివాడు. మగపెళ్ళివారికి నిండు కోడి పెడతానని మాటిచ్చి ఉన్నాడు. కోడిని ముక్కలు చేయకుండా, పొట్టలో ఖీమా కూరి, దారంతో కుట్టి వండడాన్ని అలా అంటాం. పెళ్ళికొడుకు మేనమామది పెద్ద అంబర్‌పేట్. నిశ్చితార్థం నాడు ముక్కలు చిన్నవయ్యాయని విస్తరి ముందు నుంచి లేచిపోయిన మనిషి. పెరట్లో కోళ్ళు ఆరున్నాయి గాని, ఖీమాకు మటన్ దుకాణం తెరవలేదు. ఖీమా లేనప్పుడు వాడే డబల్ రొట్టెకు బేకరీ కూడా తెరవలేదు.

"ఏందయ్యా, నా ఇజ్జత్ పోతదా?" అన్నాడు ఆశీర్వాదం.

"పోతే నాది గూడ పోతది సార్. నీకు తోడుంటది," అన్నాను. ఆయన నవ్వలేదు.

ఇల్లంతా వెతికితే దొరికింది ఒక మూట. ఎడ్లబండ్ల మీద ఊరి నుంచి వచ్చిన చుట్టాలు దారిలో తినడానికి తెచ్చుకున్న కటక రొట్టెలు. జొన్నరొట్టెలే, ఎండి పెంకుల్లా ఉన్నాయి. రోట్లో వేసి దంచాను. నూనెలో ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఆ కోళ్ళవే కార్జాలు సన్నగా తరిగి వేసి, ఉడికించిన గుడ్లు చిదిపి అందులో కలిపాను. తర్వాత వాళ్ళ దేవుణ్ణీ మా దేవుణ్ణీ ఇద్దరినీ తలచుకొని ఉప్పు వేశాను.

ముందు ఒక్క కోడితో చూద్దామనుకున్నాను. ఆ తెలివి ఉన్నవాణ్ణి ఇంకాస్త తెచ్చుకోవాల్సింది. బొటనవేలితో నొక్కి నొక్కి, పట్టినంతా కూరి, గట్టిగా కుట్టి ఉల్లిగడ్డ పులుసులోకి దింపాను. కాసేపటికి కుట్లు పటపటమని తెగాయి. కోడి పొట్ట తెరుచుకొని కూరిందంతా పులుసులో కలిసిపోయింది.

పక్కనే బియ్యం ఏరుతున్న ఎస్తేరమ్మ, పెళ్ళికూతురి నాయనమ్మ, తల ఎత్తింది. "ఏం బిడ్డా, కోడి కుడుతున్నవా, బొంత కుడుతున్నవా? ఎండిన రొట్టె నీళ్ళు తాగితే ఉబ్బదా?"

"నీకు తెల్సినప్పుడు ముందుగాల్నే చెప్పొద్దా అవ్వా?"

"నువ్వు అడిగినవా? ఉప్పు డబ్బ పట్టుకొని నవాబు లెక్క తిరగవడ్తివి. జరుగు."

కోడి కాళ్ళూ మెడలూ ఉడికించిన నీళ్ళు చల్లి ఆమె ఆ పొడిని తడిపింది. పిడికిట పడితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి, అంత తడి. తర్వాత మిగిలిన ఐదింటినీ తానే కూరింది, ఒక్కోదాంట్లో మూడు వేళ్ళు పట్టే సందు వదిలి. నేను కుట్టాను. నూనెలో ఎర్రగా తిప్పి, మరో దేగిశాలో పేర్చి, మూత చుట్టూ పిండి మెత్తి, మూత మీద నిప్పులు పరిచాను. పగిలిన కోడిని పడేయలేదు. ఎముకలు తీసేసి కలియబెడితే, జొన్నపొడితో పులుసు చిక్కబడింది.

చర్చి నుంచి జనం వచ్చారు. మేనమామ ముందు నిండు కోడి పెట్టి, పక్కన ఆ పులుసు పోసి, నేను పందిరి గుంజ చాటుకు పోయాను. ఆయన కుట్లు విప్పాడు, వాసన చూశాడు, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

"ఏం ఖీమా ఇది?"

"మా ఉస్తాద్ చెప్పొద్దన్నడు సార్," అన్నాను చాటు నుంచే.

"చెప్పకుంటే మానె. గా పులుసు ఇంకో గంటె పొయ్యి."

రొట్టెలు తెచ్చిన చుట్టాలకు నవ్వు ఆగలేదు. వాళ్ళతో పాటు ఆశీర్వాదం కూడా నవ్వాడు, ఆ పొద్దుటి నుంచి మొదటిసారి.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఉస్తాద్‌గా ఉప్పు వేశాను. ఆ పెళ్ళిలో నేర్చుకున్నది ఇది: ఎండిన పదార్థాన్ని తడిపాకే కూరాలి, ఉబ్బడానికి సందు వదలాలి, వంటింట్లో బియ్యం ఏరే మనిషిని ముందే అడగాలి.

కొన్నేళ్ళకు ఎస్తేరమ్మ మనవడి పెళ్ళికీ నన్నే పిలిచారు. "యాదికుందా అవ్వా? ఉప్పు నేనే వేసిన. మా లెక్కల ఆ ఆరు కోళ్ళు నావే," అన్నాను.

"ఉప్పు నీదే బిడ్డా, ఎవరు కాదన్నరు?" అంది ఆమె. "కాకుంటే నేను కూరినయి కోసుకొని తిన్నరు, నీదాన్ని గంటెతోటి తోడుకున్నరు."