ఎనిమిదో రేకు

మా పెద్దమ్మకి చెవులు పోతున్నాయని ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. అడిగినదానికీ అడగనిదానికీ "ఆఁ, సరే" అంటుంటే ఎవరికైనా తెలియాలి. కానీ ఆవిడ మొహంలోని గాంభీర్యం చూసి అందరూ ఒప్పుకుందనే అనుకునేవాళ్ళు. మావయ్యా వాళ్ళ విరిగిన సోఫా అలాగే మా హాల్లోకి వచ్చి కూర్చుంది.

పాత కార్లు బాగుచేసే షెడ్డులో పెద్దమ్మ ముప్పై ఒక్క ఏళ్ళుగా డిఫరెన్షియల్ పని చేస్తోంది. వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలా ఉబ్బి ఉంటుందే, ఆ ఇనప డొల్ల. ఇంజను తిరుగుడుని పినియన్ అనే చిన్న పళ్ళచక్రం అందుకుని క్రౌన్ అనే పెద్దదానికి ఇస్తుంది, అది రెండు వెనక చక్రాలకీ పంచుతుంది. ఆ పళ్ళు సరిగ్గా కలవకపోతే కారు ఊళ పెడుతుంది. నేను అదే షెడ్డులో విడిభాగాల గది చూస్తాను కాబట్టి ఇదంతా నాకు కంఠతా.

ఒక రిటైరైన డాక్టరుగారి డెబ్బై ఏళ్ళ కారు వచ్చింది. పెద్దమ్మ కొత్త బేరింగులు వేసి, పినియన్ వెనక ఉండే పల్చటి ఉక్కు రేకు మాత్రం పాతదే పెట్టి బిగించింది. పినియన్ ఎంత లోపలికి ఉండాలో తేల్చేది ఆ రేకు మందమే. ఆవిడ ఎప్పుడూ అంతే, ముందు పాత రేకు పెట్టేది, బండి రోడ్డెక్కాక చెవి ఒగ్గి విని ఎంత మార్చాలో చెప్పేది. పళ్ళకి రంగు పూసి చూసుకునే పద్ధతి ఒకటుంది. "అది పని రానివాళ్ళకి," అని కొట్టిపారేసేది.

ఆ రోజూ ఒక చుట్టు తిరిగొచ్చి, చేతులు తుడుచుకుంటూ "బాగుంది, ఇచ్చెయ్యండి" అంది. షెడ్డంతా నోరెళ్ళబెట్టింది. కారు వీధి చివరి నుంచే ఊళ పెడుతూ వచ్చింది మరి.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది," అన్నాడు పెయింటరు పక్కవాడితో. నాకు ఒళ్ళు మండింది. ఆవిడకి వినపడలేదు, అదొక్కటే నయం.

మేస్త్రి మంచివాడే. ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనపడేలా అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచక్కా?"

పెద్దమ్మ వంగి రెంచి తుడవడం మొదలెట్టింది.

"రేపటి నుంచి సీట్ల పని చూసుకో. ఈ కారుని పక్క షెడ్డుకి పంపిస్తాను."

తల ఎత్తింది. "శనివారం దాకా నా బల్ల జోలికి రాకు. అప్పటికీ కారు అరిస్తే నువ్వు చెప్పినట్టే సీట్లు కుట్టుకుంటా."

సోమవారం పొద్దున్నే నా గదికొచ్చి, ఎటో చూస్తూ "రంగుందా?" అంది. నవ్వు ఆపుకుని ఎర్ర రంగు డబ్బా ఇచ్చాను. నూనెలో కలిపి క్రౌన్ పళ్ళు నాలుగింటికి పూసి, చేత్తో తిప్పింది. పినియన్ తాకినచోట రంగు చెరిగి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటి నడుమ పడాలి. కొసన పడింది. అంటే రేకు ఇంకా మందం కావాలి. రేకు మార్చాలంటే మొత్తం విప్పాలి, బేరింగు లాగాలి, మళ్ళీ బిగించాలి. ఒక్కో రేకుకి ఒక పూట.

మందం రేకు పెడితే మచ్చ పంటి మొదట్లోకి దిగింది. తగ్గిస్తే మళ్ళీ కొసకెక్కింది. అయిదో రేకు దగ్గర వేలు నలిగి గోరు నల్లబడింది. చూడలేక, "సీట్ల పని మాత్రం తక్కువా పెద్దమ్మా?" అని గొణిగాను.

"గొణక్కు, పెదాలు కదలడం కనపడుతూనే ఉంది," అంది రెంచి కింద పెట్టకుండానే. "తప్పు నాదేనే. చెవులున్నాయి కదా అని ఇన్నాళ్ళూ కళ్ళని ఖాళీగా కూర్చోబెట్టాను. ఇప్పుడు వాటితో చాకిరీ చేయిస్తా. ఆరో రేకు తే."

శుక్రవారం సాయంత్రం ఎనిమిదో రేకుకి మచ్చ సరిగ్గా నడుమ పడింది, బాదంగింజంత. నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి ఆకలేసింది.

మర్నాడు డాక్టరుగారే స్టీరింగు పట్టారు, పక్కన మేస్త్రి. మేమిద్దరం వెనక, సరిగ్గా ఇరుసు మీద. కారు వీధి దాటింది, ఎత్తెక్కింది, పల్లంలోకి దిగింది. పెద్దమ్మ ముందుకి వంగి, ముందు సీట్లో వాళ్ళనే రెప్ప వెయ్యకుండా చూస్తోంది. పాపం, ఆవిడకి తెలిసే దారేది? ఎవరో ఒకరు చెప్పాలి. చచ్చినా తను అడగదు. నేనే చెబుదామని భుజం తట్టాను.

"చెప్పకు," అంది నా చెయ్యి పట్టుకుని. "వాళ్ళిద్దరూ అరుచుకోవట్లేదు. నోళ్ళు చూడు, ఎంత మెల్లగా కదులుతున్నాయో."

మేస్త్రి వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆయన నోరు తెరిచేలోపే పెద్దమ్మ అడిగేసింది.

"సోమవారం నా బల్ల మీద ఏం పెడుతున్నావ్?"