మా కాంటెస్సాకు నేను పెట్టిన గడ్డం

జగిత్యాలలో ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పాను. జవాబు సరిగ్గా ఉన్నా మధ్యలో ఒక మెట్టు వదిలేస్తే సగం మార్కులు కోసేదాన్ని. ఆ పిల్లల ఉసురు తగిలిందో ఏమో, రిటైరైన మరుసటి ఏడాదే నేనొక మెట్టు వదిలేశాను. దాని ఫలితంగా, కోరుట్ల నుంచి సిరిసిల్లకు పెళ్ళికి బయలుదేరిన పెళ్ళిపిల్ల, ముహూర్తం తరుముకొస్తుంటే, నడిరోడ్డు మీద వడ్ల కుప్ప ముందు పట్టుచీరతో ఇరుక్కుపోయింది. ఆ తేదీ నాకు తిథివారాలతో సహా గుర్తుంది. కానీ చెప్పను. పెళ్ళివారు కూడా చదువుకున్న మనుషులే, ఇది వాళ్ళ కంట పడుతుంది.

మా ఆయనకు ఒక పాత కాంటెస్సా కారు ఉండేది. నల్లగా, పొడుగ్గా, విందు భోజనం చేసి పందిట్లో కాళ్ళు బారజాపుకున్న పెద్దమనిషిలా ఉండేది. మా తమ్ముడి కూతురు మానస పలక పట్టే వయసులో దాని బానెట్ మీద కూర్చుని, "మామా, నా లగ్గానికి గీ కార్లనే తోల్కపోతవా?" అని అడిగింది. "పోత బిడ్డా, నేనే నడుపుత," అన్నారు ఈయన. పిల్లలకిచ్చిన మాట పెద్దవాళ్ళు మరిచిపోతారని అందరికీ తెలుసు. ఈయనకు ఎవరూ చెప్పలేదు.

మానసకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. పెళ్ళి కూడా అక్కడే, ఫంక్షన్ హాల్లో. మా తమ్ముడు కోరుట్ల నుంచి వచ్చి, చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"బావా, కోపం తెచ్చుకోకు. పిల్లకు ఇన్నోవా మాట్లాడిన."

"మన బండికేమైందిరా?"

"జెర స్పీడ్ పోతే మూతి లేపుతది. పోయినసారి వేములవాడ పోయినప్పుడు స్టీరింగ్ నీ చేతుల ఉన్నదా, గాలి చేతుల ఉన్నదా నాకు తెల్వలే. పెళ్ళిపిల్లను అండ్ల ఎట్ల కూసోవెడ్త చెప్పు."

ఆయన రెండు పూటలు కూర ముట్టకుండా మజ్జిగన్నం తిని లేచారు. మూడో పూట మాత్రం కంచం వైపు చూస్తూ, "పిల్లకిచ్చిన మాట పాయె," అన్నారు.

మనిషి బాధపడితే ఓదార్చడం నాకు చేతకాదు. లెక్క వేయడం వచ్చు. పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నదేమిటంటే, కారు వేగంగా పోతున్నప్పుడు బంపర్ కిందనుంచి గాలి దూరి ముందు భాగాన్ని పైకి లేపుతుంది. బంపర్ కింద అడ్డంగా ఒక పలక కడితే గాలి ఆగుతుంది, బండి నేలను పట్టుకుంటుంది. దాన్ని స్పాయిలర్ అంటారు.

"పేరే స్పాయిలర్ ఉన్నప్పుడు దాన్ని పెట్టుకునుడెందుకక్కా?" అన్నాడు మా తమ్ముడు.

"అది గాలిని స్పాయిల్ జేస్తదిరా, నిన్ను గాదు."

"సరే. నువ్వది పెట్టినంక బండి ఊగకపోతే ఇన్నోవా కాన్సల్ చేస్త. ఊగిందనుకో, బావ బస్సుల వస్తడు లగ్గానికి."

మా ఆయన నా వైపు చూశారు. పరీక్ష హాల్లో చివరి పది నిమిషాల్లో పిల్లలు చూసే చూపు అది.

మా మెకానిక్ సలీం భాయ్ తల అడ్డంగా ఊపాడు. "మేడంసాబ్, గీ బండికి అద్దం తుడిసే పుల్లలే దొర్కుత లేవు. స్పాయిలర్ ఏడికెళ్ళి తేవాలె?"

"తెచ్చుడెందుకు, మనమే చేద్దాం."

"దేంతోని?"

దేంతో చేయాలో అప్పటికే ఆలోచించి పెట్టుకున్నాను. తంగళ్ళపల్లిలో నూలుకు రంగులద్దే మా చుట్టాల షెడ్డులో పెద్ద నీలం ప్లాస్టిక్ డ్రమ్ములుండేవి. వాటి పొట్ట వంపు, మా బంపర్ వంపు ఒక్కటే. వాళ్ళింట్లో ఈమధ్యే జరిగిన శుభకార్యంలో భోజనం మధ్యలో లేచి వెళ్ళి టేపుతో కొలిచి వచ్చాను. అడిగితే ఒక డ్రమ్ము ఇచ్చారు. నేను సుద్దముక్కతో గీసిన గీత మీద సలీం భాయ్ దాన్ని కోశాడు. వంపు చాలని చోట మా స్నానాల కాగులో నీళ్ళు మరగబెట్టి, అందులో ముంచి వంచాం. వారం రోజులు మా ఇంట్లో స్నానం చేసిన ప్రతివాళ్ళకూ ప్లాస్టిక్ వాసన వచ్చింది. తర్వాత నల్లరంగు కొట్టాం. స్పాయిలర్ అనే మాట సలీం భాయ్ నోట నిలవక, మూతి కింద వేలాడుతుంది కదా అని దానికి గడ్డం అని పేరు పెట్టాడు. సాయంత్రానికి వీధి మొత్తం గడ్డమే అంది.

ఇక అది ఎంత కిందికి ఉండాలన్నదే ప్రశ్న. కిందికి ఉన్నకొద్దీ గాలి బాగా ఆగుతుంది.

"ఇంకో ఇంచు దించుదాం మేడంసాబ్," అన్నాడు సలీం భాయ్. "జమీన్‌కు సలాం కొట్టాలె."

"స్పీడ్ బ్రేకర్‌కు సలాం కొడితే పండ్లు రాలుతయ్. కొలవకుండ నేను దించ."

అన్నట్టుగానే ఫాల్గుణంలో ఒకరోజు మా ఆయనను కూర్చోబెట్టుకుని కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా వెళ్ళాను. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కారు ఆపించి, దిగి, దాని మీద కర్ర అడ్డంగా పెట్టి, స్కేలుతో ఎత్తు కొలిచాను. కథలాపూర్ దగ్గర ఒక ముసలాయన హోటల్లోంచి పరుగెత్తుకొచ్చి నా ముందు చేతులు కట్టుకున్నాడు.

"మేడం, రోడ్డు పెద్దగ చేస్తున్నరా? మా అరుగు పోతదా?"

"లేదు పెద్దయ్యా. అరుగు జోలికి రాను."

"మరి దేనికి కొలుస్తున్నరు?"

"కారుకు గడ్డం పెడుతున్న."

ఆయన కాసేపు నన్నూ, కారునూ, కారులో ముఖం దాచుకున్న మా ఆయననూ చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి నాకు ఉచితంగా చాయ్ పంపించాడు. అది జాలి అని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు గౌరవమనుకున్నాను.

అన్నిటికంటే ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌ను తీసుకున్నాను. అయిదుగురు కూర్చుంటే స్ప్రింగులు ఎంత దిగుతాయో ఇంటి ముందు అయిదుగురిని కూర్చోబెట్టి చూశాను. రెండూ కలిపి, పైన బొటనవేలంత ఎడం వదిలి గడ్డం బిగించాను. మా తమ్ముడిని ఎక్కించుకుని ధర్మపురి రోడ్డు మీద పరుగు తీయించాం. బండి ఊగలేదు. మూతి లేపలేదు. తమ్ముడు అక్కడికక్కడే ఫోన్ తీసి ఇన్నోవా కాన్సల్ చేశాడు. ఆ రాత్రి మా ఆయన వంకాయ కూర రెండుసార్లు వేయించుకున్నారు. నేనా? నన్ను భరించడం ఎవరి తరమూ కాలేదు. కూరగాయలమ్మే ఆమెకు కూడా గాలి ఒత్తిడి గురించి చెప్పాను.

ఇప్పుడు వదిలేసిన మెట్టు సంగతి. నేను రోడ్డు కొలిచింది ఫాల్గుణంలో. రెండు పక్కలా వరి పచ్చగా, మోకాలెత్తు ఉంది. "పైరు మంచిగున్నది," అని నేనే అన్నాను. అరవై ఏళ్ళుగా ఆ అన్నమే తింటున్న దాన్ని, ఆ పైరు కోతకొచ్చాక ఎక్కడ ఆరబోస్తారన్నది మాత్రం నా తలకు తట్టలేదు. మా దిక్కు వడ్లు ఎక్కడ ఆరబోస్తారో చంకనెత్తుకున్న పిల్లకు కూడా తెలుసు. రోడ్డు మీదే.

పెళ్ళి వైశాఖంలో.

ఆ రోజు కోరుట్లలో చెప్పిన సమయం కంటే చాలా ముందే అందరినీ తరిమి బండెక్కించాను. స్టీరింగ్ దగ్గర మా ఆయన, పక్కన నేను, వెనక మా తమ్ముడు, మరదలు, మధ్యలో మానస. కథలాపూర్ దాటగానే రోడ్డులో సగం బంగారం పోసినట్టు పసుపుపచ్చగా ఉంది. ఆరబోసిన వడ్లు. మిగతా సగం మీద జాగ్రత్తగా పోతున్నాం. రుద్రంగి దాటేసరికి నల్లటి మబ్బు లేచింది. జనమంతా చెక్కలు పట్టుకుని పరుగులు పెడుతూ వడ్లను గబగబా కుప్పలకు గుంజుతున్నారు. వడ్లు జానెడెత్తు సాళ్ళుగా లేచి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా వేములవాడ బస్సు వచ్చింది. మా ఆయన ఎడమకు తిప్పారు.

కొండచిలువ జొన్నచేలో పాకినట్టు సరసరమని ఒక శబ్దం. ముందు అద్దంలోంచి చూస్తుండగానే వడ్లు బంపర్ దాటి, దీపాలు దాటి, బానెట్ అంచు దాకా లేచాయి. బండి ఆగింది. నా గడ్డం ఒక్క గింజ కూడా కిందికి పోనివ్వలేదు. గాలినే ఆపడానికి చేసిన వస్తువు, వడ్లను వదులుతుందా?

ఆ వడ్ల యజమానురాలు లచ్చవ్వ అనే ఆమె చెక్క భుజాన వేసుకుని వచ్చింది. కొడుతుందనే అనుకున్నాను. గడ్డం నాది కాబట్టి నేనే దిగాను. ఆమె కుప్పను చూసింది, కారును చూసింది, వంగి బంపర్ కింద చూసింది.

"గిది కారా, డోజరా?"

"కారే అవ్వా. తప్పయింది. లగ్గానికి పోతున్నం."

"తప్పు సంగతి ఎన్క మాట్లాడుదాం. పొద్దుగాల సంది గుంజుతున్న నేను, నడుము పోయింది. మీరు ఒక్క ఊపుల కుప్ప చేసిండ్రు. ఇంకో రెండు సాళ్ళున్నయ్. ఎన్కకు పోయి మల్ల రాండ్రి."

"లగ్గం టైమవుతున్నదవ్వా."

"వాన టైం గూడ అవుతున్నది."

దానికి జవాబు నేను ఆలోచించుకునే లోపే వెనకగేరు పడిన చప్పుడైంది. తన బండిని అంతకుముందు ఎవరూ అంతగా మెచ్చుకోలేదు, మా ఆయన ఆగలేకపోయారు. "ఒక్క సాలే గద," అన్నారు. ఒకటి అయింది, రెండోదీ అయింది. పక్క వడ్లవాళ్ళు "మాది గూడ జెర, సార్," అన్నారు. ఈయన "దాందేముంది," అన్నారు.

వెనక సీట్లో వాళ్ళమ్మ మీదుగా వంగి మానస కిటికీలోంచి తల బయటపెట్టింది. "మామా, లగ్గానికి తోల్కపోతనన్నవ్. వడ్లకు గాదు."

అదే సమయంలో మా తమ్ముడికి వియ్యంకుడి ఫోన్ వచ్చింది. ఎంత దాకా వచ్చారని అడుగుతున్నాడు. "రుద్రంగి దాటినం బావా," అన్నాడు తమ్ముడు, నన్ను కొరకొర చూస్తూ. "రోడ్డు మీద జెర పని నడుస్తున్నది."

నాలుగో కుప్ప దగ్గర బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. జాలీ నిండా వడ్లు, రేడియేటర్ నిండా పొట్టు. ఇంజన్ రెండుసార్లు దగ్గి మౌనం పట్టింది. మా తమ్ముడు "అక్కా," అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటలో నా ముప్పై ఏళ్ళ సర్వీసు కొట్టుకుపోయింది.

మబ్బు నాలుగు చినుకులు రాల్చి తన దారిన తాను పోయింది. ఈ లోపు కుప్పల మీద కవర్లు కప్పేసి లచ్చవ్వ తిరిగొచ్చింది.

"ఫికర్ జెయ్యకుండ్రి. మా అల్లునికి ట్రాక్టరున్నది. సిరిసిల్ల దాక గుంజుకపోతడు."

"పిల్ల బస్సుల పోవుడే మంచిది," అన్నాడు తమ్ముడు. "బస్సాపుత, దిగు బిడ్డా."

మా ఆయన స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తున్నారు. వెనక్కి తిరిగితే కళ్ళు కనబడతాయని.

మానస ఆ మనిషి మెడనే కాసేపు చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఇంకా లోపలికి జరిగింది. "నేను దిగ బాపూ. మామ కార్లనే వస్త. గుంజుమను."

అయితే తాడు కట్టే కొక్కెం గడ్డం వెనక ఉంది. నేనే రోడ్డు మీద కూర్చుని స్పానర్‌తో బోల్టులన్నీ విప్పాను. ఊడిన గడ్డాన్ని డిక్కీలో పెట్టబోతే లచ్చవ్వ పట్టుకుంది.

"గిది నాకిచ్చి పో."

"నీకెందుకవ్వా?"

"వడ్లు గుంజెతందుకు. గిసొంటి చెక్క సిరిసిల్లల దొరుకదు, జగిత్యాలల దొరుకదు. ఎవలు చేసిండ్రో గని మంచి తెలివి గలోళ్ళు చేసిండ్రు."

ఆ గడ్డానికి దొరికిన ఏకైక సర్టిఫికెట్ అది. ఇచ్చేశాను.

ట్రాక్టర్ ముందు, తాడు మధ్యలో, కాంటెస్సా వెనక. చందుర్తి దాటాం, వేములవాడ దాటాం. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. మా ఆయన మాత్రం నిటారుగా కూర్చుని, ఇంజన్ ఆగిన బండికి ప్రతి మలుపులోనూ హారన్ కొడుతూ స్టీరింగ్ తిప్పారు. ఫంక్షన్ హాలు ముందుకు చేరేసరికి పంతులుగారు పీటల మీద పెళ్ళిపిల్ల చోటు చూస్తూ గొణుక్కుంటున్నారట. బ్యాండువాళ్ళు ట్రాక్టర్‌ను చూసి ఒక క్షణం ఆగి, ఇదీ ఊరేగింపేననుకుని వాయించేశారు. వియ్యంకుడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏం బావా, మీ దిక్కు పెళ్ళిపిల్లను గిట్లనే తోల్కొస్తరా?"

మా తమ్ముడు చొక్కా మీద పొట్టు దులుపుకున్నాడు. "ఔ బావా. పెద్ద లగ్గాలకు గిట్లనే."

మానస దిగింది. ముహూర్తం దాటలేదు. ఆ హడావిడిలోనే అది మా ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని లోపలికి పరుగెత్తింది. తమ్ముడు నా పక్కకు వచ్చి నిలబడి, నెమ్మదిగా అన్నాడు.

"అక్కా, ఒక్క మాట ఒప్పుకోవాలె. కోరుట్ల కాంచి సిరిసిల్ల దాక బండి అస్సలు ఊగలే."

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, ముప్పై ఏళ్ళు నేను పట్టిన సుద్దముక్క మీద ఒట్టు. వరి కోతకొచ్చే కాలంలో గాని, రాని కాలంలో గాని, ఏ వాహనానికీ, ఏ బంధువు పెళ్ళికీ, ఎంత మంది బతిమిలాడినా, నేను ఇక గడ్డం పెట్టను. ఈ ప్రతిజ్ఞ బండి ముందు భాగానికి మాత్రమే వర్తిస్తుంది. వెనక పెట్టే రెక్కకు నేలతో పనే లేదని ఈమధ్యే లెక్క వేసి చూశాను.