అటక మీది విత్తనం కందులు

చూరు కింద కొత్తగా తెరిచిన సందు దగ్గర నా భార్య మట్టి మూకుడు పట్టుకుని నిలబడింది. అందులో నిప్పులు, వాటి మీద ఊదు. మధ్యాహ్నం రెండు దాటింది. ఆకు కదలడం లేదు. నేను ఇంట్లో నిచ్చెనెక్కి, అటక తలుపులోంచి తల పైకి పెట్టి చూస్తున్నాను. పొగ కాసేపు సందు దగ్గరే తారట్లాడింది. తర్వాత ఎవరో పిలిచినట్టు లోపలికి వచ్చింది. కందుల కుండల మీదుగా సాగి, రేకుల వాలు వెంబడి పైకి పాకి, గోడ కొసన ఉన్న బండల జాలీలోంచి బయటికి పోయింది.

"పోతుందా?" అని ఆమె బయటి నుంచి అరిచింది.

"పోతుంది."

"గట్టిగ చెప్పుండ్రి. మేస్త్రి ఇంటడు."

మూడేళ్ల తర్వాత ఆ అటకలో గాలి కదిలింది. అన్నేళ్లూ కదలకుండా చేసింది నేనే.

తాండూరులో మాది పాత పెంకుటిల్లు. గదుల మీద బండలు పరిచిన అటక ఉంది. కోతులు పెంకులు పగలగొట్టి ప్రాణం తీస్తుంటే, మూడేళ్ల కింద పెంకులు తీసేసి రేకులు వేయించాం. రేకులకు అంత వాలు అక్కర్లేదని కప్పును బాగా కిందికి దించారు. ఇప్పుడు అటక నడిమధ్యలో కూడా మోకాళ్ల మీదే తిరగాలి. పనిలో పనిగా గోడల పైకొసన ఉన్న రెండు కంతలనూ, చూరు కింది సందులనూ మూయించేశాను.

కారణం దుమ్ము. ఊళ్లో బండలు కోసి పాలిష్ పట్టే మిషన్ల దగ్గర తెల్లటి దుమ్ము లేస్తుంది. వికారాబాద్ నుంచి విలేఖరిగా ఇక్కడికి వచ్చిన కొత్తలో, బల్ల మీది దుమ్ములో పొద్దున వేలితో గీసిన గీత సాయంత్రానికి పూడిపోయేది. దాని మీద ఎన్ని వార్తలు పంపానో నాకే గుర్తులేదు. ఇక్కడ బండ ముక్కలకు కరువు లేదు. ఏ కంత కనిపించినా ఒక ముక్క పెట్టి సిమెంటు పూసేయడం ఊరందరికీ అలవాటు. నేనూ అదే చేశాను. పెంకుల మధ్య నుంచి గాలి ఆడేదనీ, రేకులకు ఆ వీలు లేదనీ నాకు తట్టలేదు.

ఆ అటకలోనే నా భార్య విత్తనం కందులు దాస్తుంది. ఆమె పుట్టిల్లు బంట్వారం దగ్గర పల్లె. కందులు వాళ్ల అమ్మ కాలం నాటి రకం. గింజ చిన్నది, పప్పు తొందరగా ఉడుకుతుంది. పండించేది తమ్ముడు. మంచి గింజ ఏరి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి గుడ్డ కట్టి వానల దాకా కాపాడేది అక్క. కింద గదిలో పెట్టుకోరాదా అని ఒకసారి అన్నాను. తినే గింజ కాళ్ల దగ్గరున్నా సరే, విత్తనం మాత్రం తలల పైన ఉండాలని వాళ్ల అమ్మ చెప్పిందట. దాని మీద ఇంక మాట లేదు.

మొలక ఏటికేడు తగ్గుతూ వచ్చి, పోయినేడు ఆ విత్తనం పెడితే సగం మొలవలేదు. మా బామ్మర్ది వచ్చి, జేబులోంచి పిడికెడు కందులు తీసి నా ముందు బండ మీద పోశాడు.

"బావా, గివి విత్తనాలా? పుట్నాల లెక్క ఏంచినవా ఏంది?"

మిగతా మాట అక్క మొహం చూడకుండా చెప్పాడు. "ఇంకొక్క ఏడు చూస్త అక్కా. మళ్ల గిట్లనే అయితె దుకాణంల విత్తనం తెచ్చుకుంట. నన్నేం అనొద్దు."

ఆమె ఆ గింజలను కొంగులోకి ఎత్తుకుంది. అతను పోయాక నిచ్చెనెక్కి, అటక తలుపు తీసి చెయ్యి లోపల పెట్టి చూసింది.

"పొయ్యి మీది గిన్నె మూత తీసినట్టుంది. దుమ్ము మీద ముప్పై ఏండ్లు రాసిన్రు. గాలి మీద ఒక్క ముక్క రాయకపోతిరి."

నేను తొందరపడి ఒక కంత తెరిపించి, గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టించాను. మస్తుగా తిరిగింది. అటక మాత్రం చల్లబడలేదు. తలుపు కొంచెం తెరిచి ఉంచితే వంటింట్లో పోపు వాసనంతా పైకి లాక్కుంది. వారానికల్లా ఖాళీ కుండలకు కట్టిన గుడ్డలు ఆవాల వాసన కొట్టాయి.

అప్పుడు బండల మేస్త్రికి కబురు పెట్టాం. సరిహద్దు అవతలి పల్లె నుంచి వస్తాడు, కొలతలు కన్నడంలో గొణుక్కుంటాడు. రేపు, ఎల్లుండి అంటూనే నెలలు గడిపాడు. ఈలోగా కొత్త కందులు వచ్చాయి, మూడు కుండలూ అటకెక్కాయి. ఇంకో నెలకు వచ్చిన మనిషి మోకాళ్ల మీద అటకంతా తిరిగి, చెమటతో దిగి, నా వైపు చూశాడు.

"పోయేదానికి దారి పెట్టినవ్ సారూ. వచ్చేదానికి ఏది?"

"దుమ్ము వస్తదని మూసిన."

"దుమ్ముకు చీపురుంది. వేడికి ఏముంది?"

"గట్ల అడుగు అన్నా," అంది నా భార్య లోపలి నుంచి.

రెండు వైపులా చూరు కింద బారెడు బారెడు దూరంలో సందులు తెరిచి, ఉడుతలు దూరకుండా జల్లెడ లాంటి ఇనుప వల కొట్టాడు. గోడల కొసన రెండు కంతలనూ పెద్దవి చేసి, వాన జల్లు లోపలికి రాకుండా బండ పలకలను ఏటవాలుగా పేర్చి జాలీలు చేశాడు. నేను మూయడానికి వాడిన ముక్కలనే కోసి ఆ పలకలు చేశాడు. ఫ్యాను విప్పి నా చేతిలో పెట్టాడు. ఊదు పొగ వేసి చూడమన్నది కూడా అతనే.

ఇప్పుడు మధ్యాహ్నం అటక తలుపు తీస్తే వేడి మొహానికి కొట్టదు. దుమ్ము వస్తోంది, నిజమే. ఆదివారం ఆదివారం మోకాళ్ల మీద తిరిగి ఊడ్చేది నేను.

మొన్న నా భార్య ఒక్కో కుండలోంచి పది గింజలు తీసి తడి గోనెగుడ్డల్లో చుట్టి పెట్టింది. ఇవాళ పొద్దున విప్పింది. జాలీకి దగ్గరున్న కుండవి తొమ్మిది మొలిచాయి. నడిమి కుండవి ఎనిమిది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది.

"తొమ్మిదా? నిజమేనా అక్కా, బావ గాని లెక్కపెట్టిండా?"

"నీకు అనుమానం ఉంటె వచ్చి నువ్వే లెక్కపెట్టుకో, పో."

ఆమె నవ్వడం చాలా రోజులకు విన్నాను. ఫోన్ పెట్టేశాక మూడో గుడ్డ విప్పింది. అది మూలనున్న కుండ. పదింటిలో ఐదే మొలిచాయి. మేస్త్రి రాక ముందు నెలలోనే ఆ గింజలు మాడాయో, ఆ మూలకు గాలి ఇంకా అందడం లేదో మాకు తెలియదు. తమ్ముడి చేనుకు మూడు కుండలూ కావాలి. వానలు ఇంకా పడలేదు.