మొహమాటం లేని గురి

బాబాయి పోయాడని పొద్దున్నే మా అమ్మ వచ్చి చెప్పింది. చెబుతూనే నా గది తలుపులు దగ్గరగా వేసేసింది. నేను పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నాను. కడుపుతో ఉన్నవాళ్ళు శవాన్ని చూడకూడదట. మా ఇంటికీ బాబాయి ఇంటికీ మధ్య ఒక్క పిట్టగోడే అడ్డం. ఏడుపులు, కుర్చీలు వేస్తున్న చప్పుడు, వచ్చేపోయేవాళ్ళ పలకరింపులు అన్నీ వినబడ్డాయి. మనిషిని మాత్రం చూడనివ్వలేదు. విన్నవాటిలో ఒక మాట నాకు ఒళ్ళు మండించింది. అల్లవరం నుంచి వచ్చిన పెద్దాయనొకరు "చీమకి కూడా అపకారం తలపెట్టని మనిషండీ" అంటున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు "ఆయ్, ఆయ్" అంటున్నారు.

పచ్చి అబద్ధం. మా బాబాయికి జాలి అనేది లేదు. మా మలికిపురంలో ఒక ఈడు పిల్లలందర్నీ తుపాకీతో కాల్చి పారేసిన మనిషి. కంప్యూటర్‌లోనే అనుకోండి, అయినా వాళ్ళనడిగితే చెబుతారు ఎంత నొప్పో.

దుబాయ్‌లో కంప్యూటర్లు బాగుచేసే పని చేసి తిరిగొచ్చాక, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తాతగారి కొబ్బరికాయల కొట్టు ఖాళీ చేయించి గేమ్‌ల షాపు పెట్టాడు. వానాకాలం వస్తే కంప్యూటర్ల వెనక నుంచి తడిసిన పీచు వాసన వచ్చేది. ఆ షాపులో తుపాకీ ఆటలే ఉండేవి. ఆ ఆటల్లో మన మనిషి మనకు కనబడడు. తుపాకీ పట్టుకున్న చెయ్యి ఒక్కటే తెర కింద కనబడుతుంది. చూసే కళ్ళు మనవే, చచ్చేదీ మనమే. కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి వైర్లతో కలిపేవాడు కాబట్టి పక్క కుర్చీలో ఉన్నవాణ్ణి కాల్చుకోవచ్చు.

మావాళ్ళకి అది చేతనయ్యేది కాదు. కాల్చేముందు "ఏవనుకోకండేం" అనేవారు. ఒకసారి మా వీధికి వచ్చిన కొత్త అల్లుడిగారిని ఆయన బావమరిది షాపుకి తీసుకొచ్చాడు. ఆటలో ఇద్దరూ ఒక గుమ్మం దగ్గరికి చేరారు.

"మీరు పదండి బావగారూ."

"అబ్బే, మీరు ముందు పదండి."

"బలేవారే, మీరుండగానా?"

బాబాయి వెనకనుంచి వచ్చి బాంబు విసిరాడు. ఇద్దరూ పోయారు. "మర్యాదలు భోజనాల దగ్గర చేసుకోండి. గుమ్మంలో నిలబడ్డోడు బతకడు" అన్నాడు. అల్లుడిగారు అలిగి ఆ పూట అత్తారింట్లో విస్తరి ముందు కూర్చోలేదు. మావగారు వచ్చి పిన్నితో మొరపెట్టుకున్నారు. బాబాయి కనీసం బయటికి రాలేదు.

ఆడపిల్లల్లో ఆ షాపులో అడుగుపెట్టిందాన్ని నేనొక్కదాన్నే. "ఒక్కో శత్రువుదీ ఒక్కో బాపతు అమ్మడూ, ముందు బాపతు కనిపెట్టు" అని చెప్పేవాడు. అరుచుకుంటూ గుంపుగా మీదికొచ్చేవాళ్ళు నీ బుల్లెట్లు ఖర్చు చేయించడానికొస్తారు, కంగారుపడకు. డాలు పట్టుకున్నవాణ్ణి ఎదురుగా కాల్చి లాభం లేదు, చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళు. మేడ మీద దాక్కుని గురిపెట్టేవాడు ఒక్కచోట ఉండిపోతాడు, అదే వాడి చావు. దగ్గరికొచ్చి తనంత తానే పేలిపోయేవాడుంటాడు, వాణ్ణి దూరంలో ఉండగానే చంపెయ్. ఆఖరి లెవెల్లో వచ్చే కొండంత మనిషికి ఎక్కడో ఒక మెత్తని చోటుంటుంది, అది దొరికేదాకా చస్తూ ఉండు. పెళ్ళిళ్ళలో కూడా నా పక్కన కూర్చుని బంధువుల్ని చూపిస్తూ బాపతులు చెప్పేవాడు. మా మేనత్త ఏ బాపతో ఇక్కడ రాస్తే నన్ను ఇంట్లో ఉండనివ్వరు. పేలుతుంది అని మాత్రం అనగలను.

నేర్పడం కూడా కసాయిలాగే నేర్పాడు. ఆ ఆటలో చచ్చినవాడు ఏదో ఒక మూల మళ్ళీ పుడతాడు. పుట్టే చోట మాటువేసి కాల్చడం పాపమని ఆడేవాళ్ళంతా అంటారు. బాబాయి సరిగ్గా అక్కడే నిలబడేవాడు. కళ్ళు తెరవకుండానే చచ్చిపోయేదాన్ని. ఏడిస్తే, "ఏడుపయ్యేక చెప్పు, మళ్ళీ కాలుస్తాను" అనేవాడు. పిన్ని అడ్డుపడితే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "జాలిపడి వదిలేస్తే ఇది గెలిచేననుకుంటాదే. అంతకన్నా ద్రోహం ఉంటదా?" నేను ఆటలో మొదటిసారి ఆయన్ని ఓడించిన రోజు మెచ్చుకుంటాడేమో అనుకున్నాను. కుర్చీ వెనక్కి తన్ని వెళ్ళిపోయాడు, ఆ పూట అన్నం తినలేదు. నాకు అంతకన్నా పెద్ద బహుమతి ఈనాటికీ ఎవరూ ఇవ్వలేదు.

పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. షాపు మూతపడింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కొబ్బరి బొండాలు పట్టుకొచ్చి "నాల్రోజుల్లో లేచి తిరిగేస్తారండీ" అనేవారు. గడప దాటగానే పిన్నితో "ఇంక కష్టమేనండమ్మా" అనేవారు. బాబాయికి చెవులు బాగానే పనిచేసేవి.

పాత కుర్రాళ్ళు, ఇప్పుడు పెళ్ళిళ్ళయినవాళ్ళు, ఆయన మంచం గదిలోనే కంప్యూటర్లు బిగించారు. ఒళ్ళో పీట పెట్టుకుని ఎడమచేత్తో మౌస్ కదిపేవాడు. రోజూ ఆయనే గెలిచేవాడు. గురి తప్పనివాళ్ళంతా గోడల్ని కాల్చేవారు. నేను పురిటికి వచ్చిన మర్నాడు పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ చూసీచూడనట్టు ఆడవే తల్లీ. గెలిచేక రెండు ముద్దలు ఎక్కువ తింటన్నారు. ఆ రెండు ముద్దలే ఆయన్ని నిలబెడతన్నాయి."

ఆ సాయంత్రం నేను కుర్చీలో కూర్చునేసరికి బాబాయి తన మనిషిని మైదానం నడిమధ్యకి తీసుకొచ్చి నిలబెట్టాడు. మౌస్ మీదనుంచి చెయ్యి తీసేశాడు. కుర్రాళ్ళు ఆయన చుట్టూ పరుగెడుతూ ఒకళ్ళనొకళ్ళు కాల్చుకుంటున్నారు. తెర మూల ఆయన ప్రాణం వంద అని చూపిస్తోంది. ఎంతసేపైనా వందే.

"నన్ను కాల్చడానికి ఒక్కడికీ చేతులు రాలేదేంట్రా?" అన్నాడు ముద్దమాటతో.

"మీకు గురిపెట్టడం మావల్లేమవుద్దండీ" అన్నాడొకడు వినయంగా.

బాబాయి నా వైపు తిరిగాడు. "అమ్మడూ" అన్నాడు, అంతే. గుమ్మంలో పిన్ని అన్నం కంచం పట్టుకుని వద్దని తల ఊపుతోంది. ఆవిడ కళ్ళల్లోకి చూసి, తెర వైపు తిరిగి, బాబాయిని కాల్చాను.

"కడుపుతో ఉండి అదేం పాడుబుద్దే!" అంది అక్కడే ఉన్న మేనత్త. బాబాయి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు సాయంత్రం నాకు కబురు పంపాడు. కుర్రాళ్ళు నొచ్చుకుని రావడం మానేశారు. ఇద్దరమే ఆడేవాళ్ళం. నేను ఒక్కసారి కూడా ఓడిపోలేదు, ఓడిపోవాలని ఎంత అనిపించినా. బాబాయి తిండి తగ్గిపోయింది. పిన్ని నాతో మాట్లాడటం మానేసింది. ఆవిడ తప్పని నేననను. ఆవిడకి మొగుడు కావాలి. బాబాయికేమో తన మొహం మీద అబద్ధం ఆడని మనిషి ఒకరు కావాలి.

పోవడానికి ముందటి సాయంత్రం ఆయన చెయ్యి మౌస్ మీద నిలవలేదు. తెర మీద ఆయన మనిషి గోడవైపు తిరిగి ఉండిపోయాడు, ఇటు తిప్పుకోలేక. పాపం, చిన్నపిల్లాడిలా వీపు చూపిస్తూ నిలబడ్డాడు. నాకు కళ్ళనీళ్ళొచ్చి గురి కనబడలేదు. ఆగిపోయాను.

"ఊఁ" అన్నాడు బాబాయి కోపంగా.

కళ్ళు తుడుచుకుని కాల్చాను. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. జబ్బు చేశాక బాబాయి మొహంలో ఎడమ పక్క ఒక్కటే నవ్వగలిగేది. ఆ సాయంత్రం ఆ పక్క నా వైపు ఉంది.